ఆదిలాబాద్ చలికి ఆయిల్ హీటర్, ఎలక్ట్రిక్ బ్లాంకెట్, రజాయి: ఏళ్లుగా వాడాక చెప్తున్న మాట

ముందే చెప్పేస్తాను. చలికాలం రాత్రుళ్లు మా ఇంట్లో ఇప్పుడు పనికొస్తున్నవి మూడే: కొత్త దూదితో కుట్టించిన రజాయి, పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ బ్లాంకెట్, రబ్బరు వేడినీళ్ల బ్యాగ్. దాదాపు పదివేలు పోసి కొన్న ఆయిల్ హీటర్ మాత్రం ఎక్కువ రోజులు అటక మీదే ఉంటోంది. అది చెడ్డ వస్తువని కాదు. మా కరెంటు బిల్లుకు, మా ఇంటి కట్టుబడికి పొసగలేదు.

మాది ఆదిలాబాద్ టౌన్. డిసెంబర్, జనవరి వచ్చాయంటే అర్లి(టి), బేల, సిర్పూర్(యు), గిన్నెదరి లాంటి ఊళ్ల పేర్లు పేపర్లో కనిపిస్తుంటాయి, పక్కనే సింగిల్ డిజిట్ ఉష్ణోగ్రతలు. టౌన్‌లో కాస్త నయం, అంతే. పైగా మా వైపు ఇళ్లన్నీ ఎండను తలచుకుని కట్టినవే. గాలి ఆడాలని పెద్ద కిటికీలు, వెంటిలేటర్లు, ఎత్తు స్లాబు. మే నెలలో ప్రాణం నిలబెట్టే ఆ ఏర్పాట్లే జనవరిలో ఉన్న కాస్త వేడినీ బయటికి పంపేస్తాయి. హీటర్ల గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. చలిదేశాల్లో గోడల్లో వేడిని ఆపే పొర ఉంటుంది, కిటికీలకు రెండు అద్దాలు ఉంటాయి. మనకు ఇటుక గోడ, పైన కాంక్రీటు స్లాబు. ఇక్కడ గదిని వేడిచేయడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇక ఆయిల్ హీటర్, అంటే లోపలి నూనెను కరెంటుతో వేడిచేసి రేకుల మీదుగా గదికి వెచ్చదనం ఇచ్చేది. మాది పదకొండు రేకులది, 2500 వాట్లు. మంచి మాటలు ముందు చెప్పాలి. చప్పుడు లేదు, వెలుగు లేదు, వాసన లేదు. ఫ్యాన్‌తో వేడిగాలి కొట్టే బ్లోవర్ పెట్టినప్పుడు ముక్కు ఎండిపోయి పిల్లలు తెల్లారేసరికి ఇబ్బంది పడేవాళ్లు, దీంతో ఆ గోల తగ్గింది. ఆపేశాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు రేకులు టక్ టక్‌మంటాయి. మొదట్లో ఏదో పాడైందని టెన్షన్ పడతాం కానీ అది ఇనుము సాగే చప్పుడే. గది వేడెక్కడానికి అరగంట పైనే పడుతుంది. లావు మూడు పిన్నుల ప్లగ్గు కాబట్టి ఏసీకో గీజర్‌కో పెట్టించిన సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే వైరు కాలుతుంది, ఆ సాహసం చేయొద్దు. కొన్న రెండో ఏడే కింది చక్రం ఒకటి విరిగింది. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే చక్రాలు వారంటీలో రావన్నారు. ఇప్పుడు ఆ మూల కింద చెక్కముక్క ఉంది.

అసలు సమస్య యూనిట్లది. 2000 వాట్ల వస్తువు గంట నడిస్తే రెండు యూనిట్లు. దీన్ని మధ్య స్థాయిలో పెట్టి రాత్రి మూడు గంటలు వాడితే, థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి, ఎంత లేదన్నా నాలుగు యూనిట్లు. నెలకు 120. ఫ్రిజ్, మోటారు, టీవీ, గీజర్ కలిపి మా ఇంటి మామూలు వాడకం 150 దరిదాపుల్లో ఉంటుంది. రెండూ కలిస్తే గృహజ్యోతి, అంటే తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం, ఆ నెలకు పోతుంది. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడిన అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది కదా, గీత దాటిన నెల దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. 200 దాటినవాళ్లకు మొదటి 200 యూనిట్లకు తలా 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. 270 యూనిట్లంటే కరెంటుకే పదిహేను వందల పైన, మిగతా చార్జీలు వేరు. ఎండాకాలం కూలర్లు, ఏసీలతో ఎలాగూ గీత దాటుతాం. జీరో బిల్లు నిజంగా చేతికొచ్చేది చలికాలంలోనే. దాన్ని హీటర్‌కు ధారపోయడం నాకు నచ్చలేదు.

హాలోజన్ హీటర్ గురించి రెండు ముక్కలు చాలు. ముందు కూర్చున్నవాడికి మోకాళ్లు కాలతాయి, వీపు వణుకుతుంది. గదంతా ఎర్రటి వెలుగు, నిద్ర పట్టదు. పిల్లలు, పరదాలు ఉన్న గదిలో వద్దే వద్దు. పొద్దున్నే షాపు తెరిచి గల్లా దగ్గర కూర్చునేవాళ్లకు పర్లేదు.

నా ఓటు ఎలక్ట్రిక్ బ్లాంకెట్‌కు. పేరు బ్లాంకెట్ అయినా ఎక్కువగా దొరికేది కప్పుకునేది కాదు, పరుపు మీద పరిచి, దాని మీద దుప్పటి వేసుకునేది. డబుల్ సైజుది రెండువేల లోపే దొరికింది, 120 వాట్లు. రాత్రంతా వేసినా యూనిట్ దాటదు. మేం రాత్రంతా వేయం. అన్నం తిని లేచేటప్పుడు స్విచ్ వేస్తాం, పడుకునే ముందు ఆపేస్తాం. పక్కలోకి దూరగానే ఒళ్లు ఝల్లుమనే ఆ మంచుదెబ్బ ఉండదు. పైన రజాయి ఉంటే ఆ వేడి తెల్లవారుజాము దాకా నిలుస్తుంది. గదిలో ముక్కు చివర మాత్రం చల్లగానే ఉంటుంది, అది భరించాల్సిందే.

దీనికీ తంటాలున్నాయి. వేసి ఉండగా మడత పడకూడదు, మడత దగ్గర వేడి పేరుకుపోతుంది. అందుకే నాలుగు మూలలా నాడాలతో పరుపుకు కట్టేసేది చూసి తీసుకోండి. చలికాలం అయ్యాక నొక్కి మడిచి పెట్టెలో కుక్కితే లోపలి తీగ తెగుతుంది, వదులుగా చుట్టి పెట్టాలి. మా మొదటిదానికి కంట్రోలర్ పోయింది. ‘హై’లో మాత్రమే పనిచేయడం మొదలుపెట్టింది, వైరు దగ్గర కాస్త కాలిన వాసన కూడా. అలాంటిదాన్ని రిపేరు చేయించి వాడొద్దు, పారేయడమే. పక్క తడిపే వయసు పిల్లలకు, చంటిపిల్లలకు ఇది పనికిరాదు. మా అమ్మకు షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. కాలుతున్నా తెలియదు కాబట్టి ఆమె మంచం మీద వేయలేదు. ఆమెకు గొంగడి, ఉన్ని సాక్సులు. గొంగడి గుచ్చుకుంటుందని లోపల పాత కాటన్ చీర కప్పుకుని దాని మీద వేసుకుంటుంది. షోరూం బ్లాంకెట్లన్నీ దాని ముందు దిగదుడుపేనని ఆమె తీర్పు, నేను వాదించను.

వేడినీళ్ల బ్యాగ్ మూడువందల లోపు వస్తువు. మరిగే నీళ్లు పోయొద్దు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే చాలు. మూడో వంతు ఖాళీ ఉంచి, గాలి మొత్తం బయటికి నొక్కి మూత బిగించి, తలకిందులు చేసి చూసుకోవాలి. బట్ట తొడుగు లేకుండా ఒంటికి తగలనివ్వొద్దు. రబ్బరు మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

పెద్దగా ఖర్చు లేని పనే ఎక్కువ ఫలితం ఇచ్చిందంటే నమ్మరేమో. తలుపు కింద రెండు వేళ్ల సందు ఉండేది. రబ్బరు పట్టీ వేయించాను, కిటికీ రెక్కల అంచులకు ఫోమ్ టేపు అంటించాను. అంతా కలిపి నాలుగైదు వందలు. వాయవ్యం వైపు కిటికీకి మందం పరదా వేశాం. టైల్స్ మీద జంపఖానా పరిచాం. దీంతో గదిలో గాలి కొట్టడం పోయింది. ఒక వెంటిలేటర్ మాత్రం తెరిచే ఉంచాం.

ఎవరేం చెప్పినా, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట వాకిట్లోనే.

ఆయిల్ హీటర్ ఎవరు కొనొచ్చు? ఇంట్లో బాలింత, చంటిబిడ్డ ఉంటే, మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే, చిన్న గది అయితే, జీరో బిల్లు లెక్క లేకపోతే నిక్షేపంగా కొనుక్కోండి. మాదీ చుట్టాలొచ్చినప్పుడు, పిల్లలకు జ్వరమొచ్చినప్పుడు కిందికి దిగుతుంది.

మిగతావాళ్లకు నా సలహా, ముందు రజాయి. పత్తి పండే జిల్లాలో ఉండి పాలిస్టర్ దుప్పట్ల కింద వణకడం ఏంటి? డబుల్ మంచానికి మూడు కిలోల దూది బాగుంటుంది, అంతకు మించితే బరువుకే నిద్ర పట్టదు. కుట్లు దగ్గర దగ్గరగా వేయమని చెప్పండి, లేకపోతే దూది ఓ మూలకు చేరుతుంది. ఉతకడం కుదరదు కాబట్టి విప్పి ఉతుక్కునే గలేబు వేయించండి. నాలుగైదు రోజులకోసారి డాబా మీద ఎండేస్తే మళ్లీ పొంగుతుంది. దీపావళి లోపే కుట్టేవాడికి చెప్పి పెట్టుకోవాలి. డిసెంబర్‌లో వెళ్తే ‘సంక్రాంతి అయ్యాక రండి సార్’ అంటాడు.