లినక్స్‌లో స్కానర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

లినక్స్‌లో స్కానర్ కనబడకపోతే వెంటనే డ్రైవర్ కోసం వెతుకులాట మొదలవుతుంది. కొన్నేళ్లుగా ఒక యూఎస్‌బీ ఫ్లాట్‌బెడ్‌ (అద్దం మీద కాగితం పెట్టే) స్కానర్‌నూ, వైఫైలో ఉండే ఒక ఆల్-ఇన్-వన్ (ప్రింటర్, స్కానర్ కలిసిన) యంత్రాన్నీ డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో వాడుతున్నాను. నేను చూసినంతలో అసలు తప్పు డ్రైవర్‌ది అయిన సందర్భాలు తక్కువ. చాలాసార్లు అడ్డం పడేది పర్మిషనో, ఫైర్‌వాలో, తప్పు ఫోల్డర్లో కూర్చున్న ఫైలో.

లినక్స్‌లో స్కానింగ్ దాదాపు అంతా ‘సేన్’ అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. స్కానర్‌తో మాట్లాడేది బ్యాకెండ్, మన కంటికి కనిపించేది ఫ్రంటెండ్. సింపుల్ స్కాన్, ఎక్స్‌సేన్, స్కాన్‌లైట్ లాంటి ఫ్రంటెండ్‌లన్నీ అవే బ్యాకెండ్‌లను వాడుకుంటాయి. అందుకే ఒకదానిలో స్కానర్ కనబడలేదని ఇంకోటి ఇన్‌స్టాల్ చేస్తే సాధారణంగా ఏ లాభమూ ఉండదు.

నేనైతే ముందు టెర్మినల్ తెరుస్తాను. యూఎస్‌బీ పరికరాలను చూపే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం ఇచ్చే జాబితాలో స్కానర్ లేకపోతే కేబుల్, పోర్ట్, పవర్ చూసుకోవాలి, సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. అక్కడ ఉంటే, సేన్‌కు కనబడే స్కానర్లను చూపమని ‘స్కాన్‌ఇమేజ్’ ఆదేశానికి క్యాపిటల్ ఎల్ ఆప్షన్ ఇచ్చి నడుపుతాను. మామూలు యూజర్‌గా ఏమీ రాకుండా, సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపితే స్కానర్ పేరు వచ్చిందంటే అది పర్మిషన్ సమస్యే. యూడెవ్ రూల్ (పరికరాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే నియమం) సరిచేయాలి, లేదా యూజర్‌ను ‘స్కానర్’ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఈ లాగౌట్ మర్చిపోయి, చేసిన మార్పు పనిచేయలేదని వదిలేసేవాళ్లు చాలామంది. సుడోతోనూ రాకపోతే అప్పుడు బ్యాకెండ్ సంగతి చూడాలి. పాత స్కానర్లలో కొన్నింటికి ఫర్మ్‌వేర్ (స్కానర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైలు విడిగా పెట్టాల్సి వస్తుంది, అదీ ఒకసారి చూసుకోండి.

నన్ను బాగా విసిగించింది తయారీ కంపెనీ ఇచ్చిన ప్యాకేజీ. ఇన్‌స్టాల్ అంతా సవ్యంగా అయినట్టే చూపించింది, స్కానర్ మాత్రం రాలేదు. తీరా చూస్తే దాని లైబ్రరీ ఫైలు ‘లిబ్64’ కింద ఉన్న సేన్ ఫోల్డర్‌లోకి వెళ్లింది. డెబియన్‌లో సేన్ వెతికేది ‘ఎక్స్86_64-లినక్స్-గ్ను’ కింద ఉన్న సేన్ ఫోల్డర్‌లో. అక్కడికి ఒక సింబాలిక్ లింక్ (అసలు ఫైలును చూపే షార్ట్‌కట్ లాంటిది) వేయగానే స్కానర్ ప్రత్యక్షమైంది. ఎర్రర్ ఒక్కటి కూడా రాకపోవడమే ఇందులో అసలు టెన్షన్. ఇలాంటప్పుడు ‘సేన్_డీబగ్_డీఎల్ఎల్’ వేరియబుల్‌కు 255 ఇచ్చి ఆ ‘స్కాన్‌ఇమేజ్’ ఆదేశమే నడిపితే, ఏ బ్యాకెండ్‌ను ఎక్కడెక్కడ వెతుకుతోందో వరసగా రాసి చూపిస్తుంది. ఆ పొడవాటి జాబితాను ఓపికగా చదవండి, జవాబు దాదాపు ఎప్పుడూ అందులోనే ఉంటుంది.

ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగుపడింది. నెట్‌వర్క్ స్కానర్లు మాట్లాడే ఈఎస్‌సీఎల్, డబ్ల్యూఎస్‌డీ ప్రోటోకాల్‌లు తెలిసిన ‘సేన్-ఎయిర్‌స్కాన్’ అనే బ్యాకెండ్ వచ్చాక నెట్‌వర్క్ స్కానర్లకు కంపెనీ డ్రైవర్ అవసరం చాలావరకు పోయింది. నా ఆల్-ఇన్-వన్ దీనితోనే నడుస్తోంది, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దీన్నే. నెట్‌వర్క్‌లో స్కానర్ దొరకకపోతే నెట్‌వర్క్‌లో పరికరాలను వెతికే అవాహి సర్వీసు నడుస్తోందా, ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టు 5353 తెరిచి ఉందా చూడండి. డబ్ల్యూఎస్‌డీకి యూడీపీ పోర్టు 3702 కావాలి.

యూఎస్‌బీతో కలిపిన కొత్త మోడళ్లకు ‘ఐపీపీ-యూఎస్‌బీ’ సర్వీసు ఇదే సౌకర్యం ఇస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ సర్వీసు స్కానర్‌ను తన చేతిలోకి తీసుకుంటే కంపెనీ డ్రైవర్‌కు అది అందకపోవచ్చు. రెండింట్లో ఒకటే ఉంచుకోవాలి. నేను డ్రైవర్ తీసేసి సర్వీసునే ఉంచాను. ఒకే స్కానర్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తే, సేన్ ఏ బ్యాకెండ్‌లు వాడాలో చెప్పే ‘డీఎల్ఎల్.కాన్ఫ్’ ఫైలులో ‘ఈఎస్‌సీఎల్’ వరసకు ముందు హ్యాష్ గుర్తు పెడితే సరిపోతుంది, ఎయిర్‌స్కాన్ ఒక్కటే మిగులుతుంది.

లోపాలూ ఉన్నాయి. ‘డివైజ్ ఐ/ఓ ఎర్రర్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం మామూలు మనిషికి ఏ విధంగానూ సాయపడదు. ఎక్స్‌సేన్‌లో సెట్టింగులు బోలెడున్నా దాని తీరు పాతబడిపోయింది. రోజువారీ కాగితాలకు సింపుల్ స్కాన్, 300 డీపీఐ చాలు.

కొత్తగా కొనేవాళ్లు సేన్ ప్రాజెక్టు జాబితాలో మోడల్ పేరు పక్కన ‘కంప్లీట్’ లేదా ‘గుడ్’ అని ఉందేమో చూసి కొనండి. నెట్‌వర్క్ మోడల్ అయితే ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే యాపిల్ పద్ధతి) ఉందో లేదో కూడా చూడండి. అది ఉన్న ఆల్-ఇన్-వన్‌లు ఎయిర్‌స్కాన్‌తో పనిచేసే అవకాశం ఎక్కువ. ఫిల్మ్ నెగెటివ్‌లు స్కాన్ చేసేవాళ్లు మాత్రం ‘గుడ్’ అన్న మాటతో ఆగకుండా, ఆ బ్యాకెండ్ మాన్యువల్ పేజీలో ఆ సదుపాయం ఉందని చదివాకే డబ్బు పెట్టండి.