ఏసీ వేయగానే ఆగిపోయే పాత కారుకు మూడు పరికరాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

పరికరాలు మూడే. బ్లూటూత్ ఈఎల్ఎం327 ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌కు పంపేది), మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఏసీలోని ఆర్134ఏ గ్యాస్‌కు వాడే నీలం (తక్కువ ఒత్తిడి వైపు), ఎరుపు (ఎక్కువ ఒత్తిడి వైపు, అంటే హై సైడ్) గేజ్ సెట్. వాడింది 2011 మోడల్ 1.1 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మీద. బండి లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం, ఏసీ చల్లబడకపోవడం పాత బండ్లలో చాలాసార్లు జంటగానే వస్తాయి. షెడ్డులో మాత్రం ఇంజిన్ చూసేవారు ఒకరు, ఏసీ చూసేవారు ఇంకొకరు. ఒకరు థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) కడుగుతారు, మరొకరు గ్యాస్ కొడతారు. రెండింటికీ మధ్యనున్న జబ్బును ఎవరూ ముట్టుకోరు. ఈ మూడు పరికరాలు పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

ముందు అడాప్టర్. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ బండ్లకు ఓబీడీ వచ్చింది కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉండి, మామూలు యాప్‌తో మాట్లాడుతుంది. అంతకన్నా పాతవాటిలో సాకెట్ ఉన్నా కంపెనీ సొంత భాష కావచ్చు. కొనేముందు వేరొకరి అడాప్టర్ పెట్టి చూసుకోవడం మేలు. బజారులో దొరికే చౌకరకాల మీద ‘1.5 వెర్షన్’ అని ఉంటుంది. అసలు తయారీదారు ఆ నంబరుతో ఏదీ విడుదల చేయలేదు, అవన్నీ నకళ్లే. నకలైనా పని చేస్తుంది. ‘2.1’ అని రాసినవాటిలో కొన్ని మాత్రం పాత కే-లైన్ (ఒకే వైరు మీద కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) బండ్లతో కనెక్ట్ కావు. ఐఫోన్‌కైతే మామూలు బ్లూటూత్ రకం పనికిరాదు, వైఫైదో బ్లూటూత్ ఎల్ఈదో కావాలి.

కే-లైన్ నెమ్మది. తెరమీద పది మీటర్లు పెట్టుకుంటే ఒక్కో అంకె రెండు మూడు సెకన్లకోసారి మారుతుంది, ఈలోగా ఇంజిన్ ఆగిపోనే ఆగిపోతుంది. నాలుగు చాలు: ఆర్‌పీఎం, మ్యాప్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని ఒత్తిడి), కూలెంట్ వేడి, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె). కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంటే మ్యాప్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి: హైదరాబాద్‌లో 95 కిలోపాస్కల్ దగ్గర, విజయవాడలో 100 దగ్గర. ఇక్కడే తేడా ఉంటే తర్వాతి లెక్కలేవీ నమ్మొద్దు.

బండి బాగున్నప్పుడు, వేడెక్కాక, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) కనిపించేవి ఇవి: ఆర్‌పీఎం 800 చుట్టూ, మ్యాప్ 30 నుంచి 35 కిలోపాస్కల్, కూలెంట్ 85 నుంచి 95 డిగ్రీలు. ఏసీ స్విచ్ నొక్కగానే ఆర్‌పీఎం ఒక్క క్షణం 720కి దిగి 900 దగ్గర నిలబడుతుంది. మ్యాప్ 42 దాకా పెరుగుతుంది. ఈ అంకెలను బండి బాగున్న రోజునే రాసిపెట్టుకోవాలి. ఆగిపోవడం మొదలయ్యాక పోల్చుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

నొక్కిన వెంటనే 550కి పడి, వణికి, ఆగిపోతే ఐడిల్ వాల్వు, థ్రాటిల్ బాడీ మీద అనుమానం. ఎయిర్ పైపు విప్పి బటర్‌ఫ్లైని (లోపలి గుండ్రటి రేకు తలుపును) వేలితో తెరిస్తే దాని అంచు కూర్చునేచోట నల్లటి మసి వలయం కనిపిస్తుంది. ఆ సందులోంచి వెళ్లే గాలే ఐడిల్‌కు ఆధారం. క్లీనర్‌ను గుడ్డమీద కొట్టి తుడవాలి, నేరుగా లోపలికి పిచికారీ చేస్తే సెన్సార్ వైపు కారుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ పది నిమిషాలు తీసిపెట్టి, బిగించి, ఏసీ లేకుండా పది నిమిషాలు, ఏసీతో మరో పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కొత్త లెక్క నేర్చుకుంటుంది. ఈ చివరి ఇరవై నిమిషాలు ఎవరూ ఆగరు. ‘క్లీన్ చేయించాక ఇంకా పాడైంది’ అనే మాట చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఇంకో రకం ఉంది. నొక్కగానే ఏమీ కాదు. ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు నిలబడ్డాక మ్యాప్ 42 నుంచి 50, 55కి మెల్లగా ఎక్కుతుంది, ఆర్‌పీఎం ఊగుతుంది, గాలి గోరువెచ్చనవుతుంది, ఆపైన ఇంజిన్ ఆగుతుంది. కదిలితే మళ్లీ చల్లన. ఇది ఇంజిన్ జబ్బు కాదు, గ్యాస్ తక్కువా కాదు. కండెన్సర్ (బండి ముందు ఏసీ గ్యాస్‌ను చల్లార్చే జాలీ) ఫ్యాన్ తిరగడం లేదు, లేదా సగం వేగంతో తిరుగుతోంది. నిలబడ్డప్పుడు గాలి ఆడక హై సైడ్ ఒత్తిడి 350 పీఎస్ఐ దాటుతుంది, కంప్రెసర్ బరువెక్కుతుంది, 1.1 లీటర్ ఇంజిన్ ఆ బరువు మోయలేదు. దీనికి రుజువు సులువు: ఎరుపు గేజ్ చూస్తూ కండెన్సర్ మీద బకెట్ నీళ్లు పోస్తే ముల్లు చరచరా దిగి, ఆ వెంటే ఐడిల్ కుదురుకుంటుంది. ఫ్యాన్ మోటారు బ్రష్‌లు, రిలే, కనెక్టర్‌లో కాలిన పిన్ను, ఈ వరసలో చూడాలి. ఇలాంటి బండికి గ్యాస్ ఇంకాస్త ఎక్కిస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

గేజ్ విషయంలో అందరూ పొరబడేది ఇంజిన్ ఆపినప్పటి అంకె దగ్గర. 30 డిగ్రీల ఎండలో రెండు గేజ్‌లూ 97 పీఎస్ఐ దగ్గర ఉంటే ‘గ్యాస్ నిండుగా ఉంది’ అంటారు. అది తప్పు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు 100 గ్రాములున్నా 400 గ్రాములున్నా ముల్లు అక్కడే నిలుస్తుంది, ఎందుకంటే అది ఆ వేడికి తగిన ఆవిరి ఒత్తిడి. అసలు సంగతి ఇంజిన్ నడుస్తుండగా తెలుస్తుంది. 1500 ఆర్‌పీఎం, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి, బయట 35 డిగ్రీలుంటే నీలం 30-45, ఎరుపు 200-250 ఉండాలి. రెండూ తక్కువైతే గ్యాస్ లీకు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువైతే కంప్రెసర్ అరిగింది. నీలం సున్నా కిందికి జారి, కాసేపు ఆపి వేస్తే బాగుంటే తేమ గడ్డకట్టి ఎక్స్‌పాన్షన్ వాల్వును (గ్యాస్‌ను సన్నగా వదిలే రంధ్రాన్ని) మూస్తోంది. డ్రయర్ (తేమను పీల్చే డబ్బా) మార్చి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పట్టించి, బానెట్ కింద స్టిక్కర్ మీదున్న గ్రాములను తూకంతో ఎక్కించాలి. కళ్లద్దాలు తప్పనిసరి. క్యాన్‌తో ఎక్కించేటప్పుడు ఎరుపు వాల్వు పొరపాటున కూడా తెరవకూడదు, ఆ ఒత్తిడికి క్యాన్ పేలుతుంది.

ఇరవై నిమిషాలు చల్లగా వచ్చి ఆపైన ఆగిపోయే ఏసీకి గేజ్ కన్నా మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) ఎక్కువ చెబుతాయి. కంప్రెసర్ క్లచ్ (కంప్రెసర్‌ను బెల్టు పుల్లీకి పట్టించేది) కాయిల్ 3-5 ఓమ్‌ల మధ్య ఉండాలి. కాయిల్‌కు 12 వోల్టులకు పైగా వస్తున్నా క్లచ్ పడకపోతే ప్లేటుకు, పుల్లీకి మధ్య సందు చూడాలి. చాలా కంప్రెసర్లకు 0.3-0.6 మిల్లీమీటర్లు. అరిగి 0.8 దాటితే చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, కాయిల్ వేడెక్కాక వదిలేస్తుంది. ప్లేటు విప్పి లోపలున్న పల్చటి షిమ్ ఒకటి తీస్తే సరిపోతుంది. ఇది కంప్రెసర్ మార్చాల్సిన జబ్బు కాదు.

మల్టీమీటర్‌తోనే ఇంకో పని. హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ వేసి ఐడిల్‌లో బ్యాటరీ మీద 13.2 వోల్టుల కన్నా తగ్గితే ఆల్టర్నేటర్‌నో బెల్టునో అనుమానించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరు తుప్పు.

ఏసీతో సంబంధమే లేకుండా, దూరం నడిచాక నడుస్తూనే ఆగి, అరగంట చల్లారాక స్టార్ట్ అయితే దారి వేరు. ఆగిన క్షణంలో బండి ఇంకా గేర్‌లో దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు టక్కున సున్నాకు పడితే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కు చెప్పేది) మీద అనుమానం. కోడ్ పీ0335 రావచ్చు, రాకపోనూ వచ్చు. ముల్లు బండితోపాటు మెల్లగా దిగితే సిగ్నల్ ఉంది, పెట్రోలే అందడం లేదు. అక్కడ ఓబీడీ చేతులెత్తేస్తుంది. పంపు ఒత్తిడి ఈ బండ్లలో సాధారణంగా 3 బార్ దగ్గర ఉంటుంది, దాన్ని వేరే గేజ్‌తోనే చూడాలి.

ఫ్యూయల్ ట్రిమ్ ఐడిల్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎంలో +5కి దిగితే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం పగిలింది. వేగంతోపాటు పెరిగితే పంపు, ఫిల్టర్. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక పాత అంకెల మీద నాలుగైదు శాతం పెరగడం సహజం, దాన్ని జబ్బుగా లెక్కపెట్టొద్దు. పాత రబ్బరు పైపులను మాత్రం చేత్తో నొక్కి చూడాలి. బంకగానో పగుళ్లతోనో ఉంటే మార్చేయాలి.

అడాప్టర్‌కు ఒక దురలవాటు ఉంది. సాకెట్‌లోని 16వ పిన్నులో కీ తీసినా కరెంటు ఉంటుంది కాబట్టి వారం పాటు అందులోనే వదిలేస్తే పాత బ్యాటరీ దిగిపోతుంది. గేజ్ సెట్ గొట్టాల చివర రబ్బరు వాషర్లు రెండు మూడేళ్లకు గట్టిపడి గ్యాస్ వదులుతాయి. కొత్తవి కొన్ని డబ్బాలో పెట్టుకుంటే మంచిది.