పాటకి కార్డ్స్ చెప్పే యాప్: ఏడాది వాడాక

నాకు గిటార్ మీద నలభై పాటలు వచ్చని చెప్పుకుంటూ ఉంటాను. నిజం చెప్పాలంటే వచ్చినవి నలభై పల్లవులు. చరణంలోకి అడుగు పెట్టగానే ఏదో ఒక కార్డ్ (అంటే కలిపి ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు) అడ్డం పడుతుంది. దీని సంగతి రేపు చూద్దాంలే అనుకుని ఇంకో పాట పట్టుకుంటాను. ఓ రోజు మా అబ్బాయి పక్క గదిలోంచి అరిచాడు, "అమ్మా, నీ పాటలన్నీ అక్కడే ఆగిపోతాయేంటి?" అని. ఈ గిటార్ వాడిదే. మూడు నెలలు నేర్చుకుని బీరువా మీద పడేశాడు. కాబట్టి అడిగే హక్కు వాడికి లేదు, కానీ అడిగింది మాత్రం కరెక్టే.

ఆ రాత్రే ఈ యాప్ వేసుకున్నాను. ఏడాది దాటింది. పనులన్నీ అయ్యాక రోజూ అరగంట, కుదిరితే ముప్పావుగంట దీంతోనే కూర్చుంటాను. ఫోన్‌లో ఉన్న పాట ఇస్తే అది విని, ఏ క్షణంలో ఏ కార్డ్ పడుతోందో గళ్ళు గళ్ళుగా చూపిస్తుంది. పాటతో పాటు ఆ గళ్ళూ కదులుతాయి. వేగం తగ్గించుకోవచ్చు, స్కేల్ మార్చుకోవచ్చు, కావలసిన ముక్కని లూప్‌లో పెట్టి తిప్పుకోవచ్చు, కేపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) ఎక్కడ పెట్టాలో కూడా అదే చెబుతుంది. నాలుగు స్టార్లు ఇచ్చాను. అసలు మూడే ఇద్దామనుకున్నాను, లూప్ వల్ల నాలుగయ్యాయి.

ముందు కార్డ్స్ సంగతి, అందరూ దీన్ని వేసుకునేది దానికే కనుక. జి, ఇ మైనర్, సి, డి ఇలా నాలుగు కార్డ్స్ చుట్టూ తిరిగే పాటైతే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. గిటార్, గొంతు తప్ప పెద్దగా వాద్యాలు లేని పాటైతే ఇంకా మంచిది. తేడా ఎక్కడొస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పాటలో పల్లవి మూడో లైన్‌కి యాప్ సి కార్డ్ చూపించింది. నేనూ సి పట్టుకుని వాయించాను. తప్పు అనలేం, కానీ రికార్డింగ్‌లో ఆ చోట ఉన్న దిగులు నా గిటార్‌లో లేదు. వారం రోజులు నా స్ట్రమ్మింగే, అంటే కుడి చేత్తో తీగల్ని మీటే తీరే, బాగాలేదనుకున్నాను. చివరికి ఓ రాత్రి ఆ ఒక్క లైన్‌నీ తిప్పుతూ, అన్నిటికన్నా కింద మోగే బేస్ స్వరాన్ని గొంతుతో పట్టుకుని, అది గిటార్ మీద ఎక్కడుందా అని వెతికాను. ఏ ఫ్రెట్టూ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) నొక్కని ఐదో తీగ. అంటే ఎ. అది సి కాదు, ఎ మైనర్ సెవెన్. సి పట్టుకున్న చేతిలోంచి ఉంగరపు వేలు ఒక్కటి ఎత్తేస్తే చాలు, ఎ మైనర్ సెవెన్ వచ్చేస్తుంది. ఆ వేలు ఎత్తాక పాట వచ్చి గదిలో కూర్చున్నట్టు అనిపించింది.

ఇదెందుకు జరుగుతుందో తర్వాత వెతికి చదివాను. సి కార్డ్‌లో ఉండేవి సి, ఇ, జి. ఎ మైనర్ సెవెన్‌లో ఉండేవి ఎ, సి, ఇ, జి. మొదటిది మొత్తం రెండోదాని కడుపులోనే ఉంది. 1999లో తకుయా ఫుజిషిమా అనే ఆయన ప్రచురించిన ఒక పద్ధతి ఈ రంగంలో చాలా పనికి దారి చూపింది. శబ్దంలో వినబడే స్వరాలన్నిటినీ, అవి ఏ స్థాయిలో (ఆక్టేవ్‌లో) ఉన్నా సరే, పన్నెండు డబ్బాల్లోకి సర్దేసి, ఏ డబ్బా ఎంత నిండిందో చూసి కార్డ్‌ని పోల్చుకోవడం. అలా సర్దేసరికి ఏది కింద మోగింది, ఏది పైన మోగింది అన్న తేడా పోతుంది. ఈ యాప్ లోపల సరిగ్గా ఏం చేస్తుందో బయటికి చెప్పలేదు కానీ, తప్పులు మాత్రం ఆ రకంవే. జి కీ ఇ మైనర్ సెవెన్‌కీ మధ్య కూడా ఇలాగే తికమక పడుతుంది. అందుకని యాప్ చూపించింది చెవికి ఆనకపోతే ముందు బేస్ వినండి. గిటార్ మీద ఆరో తీగ, ఐదో తీగ వెతికితే దాదాపు దొరికిపోతుంది.

తాళం లెక్కలో కూడా అప్పుడప్పుడూ జారుతుంది. మూడేసి మాత్రల్లో ఊగే పాటని నాలుగు గళ్ళల్లో పెట్టేస్తే చూడ్డానికే చిరాకు. సరిచేసే బటన్ ఉంది, సెట్టింగ్స్‌లో చాలా లోతుగా.

కేపో సలహా దగ్గరికొస్తే నవ్వొచ్చింది. మగవాళ్ళు పాడిన పాటలు నా గొంతుకి అందవు, లేదా మరీ కిందికి పోతాయి. ఒక పాటని నా గొంతుకి సరిపోయేదాకా ఒక్కో మెట్టూ జరుపుకుంటూ పోతే ఇ ఫ్లాట్ దగ్గర ఆగింది. కార్డ్స్ చూస్తే ఇ ఫ్లాట్, సి మైనర్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. ఒక్కటీ ఓపెన్ కార్డ్ (కొన్ని తీగల్ని నొక్కకుండా వదిలేసే తేలిక కార్డ్) కాదు. తేలిక మార్గం చెప్పమని బటన్ నొక్కితే, కేపో 8వ ఫ్రెట్ మీద పెట్టి జి, ఇ మైనర్, సి, డి వాయించుకోమంది. లెక్క తప్పేం కాదు. ఒక్కో ఫ్రెట్ అర స్వరం, జి నుంచి ఎనిమిది మెట్లు ఎక్కితే ఇ ఫ్లాటే. కానీ 8వ ఫ్రెట్ దగ్గర మిగిలే చోటెంత? చిన్న చేతులున్న నాకే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. శబ్దమేమో ఆట వస్తువుని మీటినట్టు ఉంది. ఓపెన్ కార్డ్స్ ఎన్ని వస్తాయన్నదే దానికి లెక్క, వాయించే చెయ్యి లెక్కలో లేదు. కేపో 3 మీద పెడితే సి, ఎ మైనర్, ఎఫ్, జి. ఎఫ్ ఒక్కటే ఇబ్బంది. చివరికి నేనే అర స్వరం తగ్గి పాడుకున్నాను. కేపో లేకుండా డి, బి మైనర్, జి, ఎ. ఇంట్లో ఒక్కదాన్నే పాడుకునేదానికి అర స్వరం తగ్గితే వచ్చే నష్టమేం లేదు. ఈ సలహా ఇచ్చే బటన్ యాప్‌లో లేదు.

ఇంకో అనుభవం, ఇందులో యాప్ తప్పు సగమే. ఒక పాత పాట పెట్టాను. కార్డ్స్ జి అని కాసేపు, ఎ ఫ్లాట్ అని కాసేపు ఊగిసలాడుతున్నాయి. నేను జి వాయిస్తే పాట కొంచెం పైన ఉన్నట్టుంది. గిటార్ శ్రుతి తప్పిందనుకుని ట్యూనింగ్ కీలు తిప్పుతూ, వింటూ, మళ్ళీ తిప్పుతూ పోయాను. ఒకటో తీగ టప్‌మని తెగి చేతి మీద వాత పెట్టింది. తేలిందేంటంటే గిటార్ బాగానే ఉంది, పాటే ఎ స్వరం 440 హెర్ట్జ్ అనే మామూలు శ్రుతి లెక్కకి లేదు. టేపు మీద రికార్డ్ చేసిన పాటల్లో మెషీన్ వేగం ఒక పిసరు అటూ ఇటూ అయితే పాట మొత్తం రెండు స్వరాల సందులో పడుతుంది. దానికి యాప్‌లో సెంట్ల స్లైడర్ ఉంది. అర స్వరానికి వంద సెంట్లు. ముప్పై అయిదు సెంట్లు కిందికి జరిపితే గిటార్ ముట్టుకోకుండానే అన్నీ కుదిరాయి. కార్డ్స్ ఊగిసలాట కూడా ఆగిపోయింది. "ఈ పాట శ్రుతి కాస్త పైన ఉంది" అని యాపే ఒక ముక్క చెప్పి ఉంటే నా తీగ మిగిలేది.

ఇక లూప్. పాటలో రెండు చోట్ల వేలు పెట్టి గుర్తులు పెడితే ఆ మధ్య ముక్కే తిరుగుతూ ఉంటుంది. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. నాకు చరణాలు రాకపోవడానికి కారణాల్లో ఎక్కువ భాగం బి మైనరే. డి నుంచి బి మైనర్‌కి వెళ్ళేటప్పుడు చూపుడు వేలు రెండో ఫ్రెట్ మీద అడ్డంగా పడాలి, మిగతా మూడు వేళ్ళూ కొత్త చోట్లకి వెళ్ళాలి. నేను ప్రతిసారీ అర మాత్ర ఆలస్యం. పాట మొత్తం వాయిస్తే ఈ మార్పు నాలుగైదు సార్లే వస్తుంది, ప్రతిసారీ తడబడి ముందుకి పోవడమే. అంటే ఆరేళ్ళుగా నేను ప్రాక్టీస్ చేసింది తడబాటునే.

డి స్కేల్‌లో ఉన్న ఇంకో పాటలో ఆ రెండు కార్డ్స్ మారే నాలుగు సెకన్లని లూప్‌లో పెట్టి, వేగం 50 శాతానికి దించి, ముందు వాయించకుండా విన్నాను. పదోసారో పన్నెండోసారో వినబడింది. బి మైనర్ పడే ముందు, ఆ చివరి అప్ స్ట్రోక్‌లో డి లేదు. ఏ వేలూ లేని ఖాళీ తీగలు మోగుతున్నాయి. రికార్డింగ్‌లో వాయించిన గిటారిస్టు కూడా అప్పటికే వేళ్ళు ఎత్తేసి బయల్దేరిపోయాడన్నమాట! కుడి చెయ్యి ఆగకుండా ఊగుతోంది, ఎడమ చెయ్యి ప్రయాణంలో ఉంది. మామూలు వేగంలో అది చెవికి తగలదు, తగిలినా పాటలో భాగంలానే ఉంటుంది. నేనేమో చివరి దెబ్బ దాకా డి ని గట్టిగా పట్టుకుని, అప్పుడు బయల్దేరి, రైలు వెళ్ళిపోయాక స్టేషన్‌కి చేరుతున్నాను.

ఆ అర మాత్ర దొరికాక మిగతాది ఓపికే. 60 శాతం దగ్గర మొదలుపెట్టి, వరసగా అయిదుసార్లు శుభ్రంగా పడితే ఇంకో అయిదు శాతం పెంచుకుంటూ పోయాను. ఇలా తనంతట తనే వేగం పెంచే ఏర్పాటు యాప్‌లో ఉంది కానీ నేను వాడను. మీరు సరిగ్గా వాయించారా లేదా అన్నది దానికి అనవసరం, పెంచేస్తుంది. అలా మళ్ళీ తడబాటే నేర్చుకుంటాం. వంద శాతానికి రావడానికి నాకు తొమ్మిది రాత్రులు పట్టింది. ఐదో రాత్రికి మా ఆయన వచ్చి, "ఆ నాలుగు సెకన్లు నాక్కూడా వచ్చేశాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవా ప్లీజ్" అన్నారు. పెట్టుకుంటే వైరున్నవే పెట్టుకోండి. నా బ్లూటూత్ వాటిలో శబ్దం కాస్త వెనకపడి, గడి ముందు మారి కార్డ్ తర్వాత వినబడుతోంది.

వేగం తగ్గించినా పిచ్ మారకపోవడం మనకి మామూలైపోయింది కానీ, పాతకాలం వాళ్ళకి ఆ సుఖం లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డ్‌ని 16⅔లో తిప్పుకుని నేర్చుకునేవాళ్ళు. సగం వేగం కాబట్టి పాట సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగిపోయేది, గొంతులన్నీ గుహలోంచి వచ్చినట్టు. ఇందులో ఆ బాధ లేదు. 50 శాతం దాకా బాగానే ఉంటుంది. అంతకన్నా దిగితే శబ్దం చెదిరిపోతుంది, డ్రమ్స్‌లోని సింబల్స్ (ఇత్తడి పళ్ళేలు) ఇసుక జల్లినట్టు వినబడతాయి, తీగ మీటిన మొదటి క్షణం మసకబారుతుంది. నేను 50 కి కిందికి పోను.

నా అసలు ఫిర్యాదులు రెండు. కుడి చేతి గురించి ఈ యాప్ ఒక్క ముక్క చెప్పదు. ఒకే నాలుగు కార్డ్స్‌తో వంద పాటలున్నాయి, వాటిని వేరు చేసేది స్ట్రమ్మింగే కదా. ఏ దెబ్బ కిందికి, ఏది పైకి, ఏది తీగలకి తగలకుండా గాల్లో పోవాలి, ఇవన్నీ మనమే విని తెలుసుకోవాలి. రెండోది, కదిలే గళ్ళు అలవాటైపోతాయి. మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఒక పాట వాయించమన్నారు. నెల రోజులుగా రోజూ వాయిస్తున్న పాట. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పల్లవి అయ్యాక నా చేతులకి ఏమీ తెలీలేదు, గళ్ళ కోసం గోడ వైపు చూస్తున్నాను. మా అబ్బాయి నోరు మూసుకుని నవ్వాడు.

అప్పట్నుంచీ యాప్ చూపించింది చూపించినట్టు ఒక కాగితం మీద రాసుకుంటున్నాను. రాస్తుంటే తెలుస్తుంది, పాటంతా కలిపి మూడు వరసలే ఉంటాయి, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. కాగితం పూర్తయ్యాక ఫోన్ బోర్లా పెట్టేస్తాను. పాట వినబడుతుంది, గళ్ళు కనబడవు. ఈ ఏడాదిలో ఇలా చరణాలతో సహా వచ్చిన పాటలు పదకొండు.

ఉచితంగా వాడితే లూప్ మధ్యలో ప్రకటనలొస్తాయి. సరిగ్గా వేలు పడబోతుంటే ఎవరో అరిచి ఏదో అమ్ముతారు. అది తట్టుకోలేకే చందా కట్టాను. కట్టే ముందు ఉచిత వెర్షన్‌లో మీకిష్టమైన పాటలు ఓ మూడు పెట్టి చూసుకోండి. కార్డ్స్ రెండిట్లో తప్పొస్తే మీ అభిరుచికి ఇది పనికిరాదని అర్థం.

తయారుచేసినవాళ్ళు చదువుతుంటే ఒక్కటే అడుగుతాను. లూప్ గుర్తులు దాచుకునే వీలు పెట్టండి. యాప్ మూసి తెరిస్తే అన్నీ చెరిగిపోతున్నాయి, రోజూ ఆ నాలుగు సెకన్లని మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ పని చేసిన రోజు వచ్చి ఐదో స్టార్ పెడతాను. ప్రస్తుతానికి గిటార్ వెనక ఒక చీటీ అంటించుకున్నాను, "రెండో చరణం, 2:41 నుంచి 2:45, 75 శాతం" అని.