చాంగే-5, చాంగే-6: చంద్రుడి మట్టి ఏ వైపు నుంచి తేవాలి?

భూమి నుంచి కనిపించే ఇటువైపు నుంచి చాంగే-5 నౌకతో, ఎప్పుడూ కనిపించని అటువైపు నుంచి చాంగే-6తో చైనా మట్టి తెచ్చింది కాబట్టి ఊహలతో పని లేకుండానే పోల్చవచ్చు.

సమయం: 2020 నవంబరులో వెళ్లిన చాంగే-5 23 రోజుల్లో తిరిగొచ్చింది. 2024 మేలో బయల్దేరిన చాంగే-6కి 53 రోజులు పట్టింది. దిగే చోట తెల్లవారే దాకా కక్ష్యలోనే ఆగాల్సి వచ్చింది మరి.

తెచ్చిన మట్టి: చాంగే-5 1,731 గ్రాములు, చాంగే-6 1,935 గ్రాములు.

శ్రమ, ఖర్చు: అసలు తేడా ఇక్కడే. ఇటువైపు దిగితే భూమితో నేరుగా మాట్లాడవచ్చు. అటువైపు దిగితే చంద్రుడే అడ్డం. అందుకే సంకేతాలను అటూ ఇటూ అందించే చ్వేచ్యావ్-2 రిలే ఉపగ్రహాన్ని 2024 మార్చిలోనే పంపారు.

రిస్కు: చాంగే-5 దిగింది చదునైన లావా మైదానంలో. చాంగే-6 దిగిన అపోలో బేసిన్ అనే పెద్ద గుంతలో అంత చదును నేల తక్కువ.

ఫలితం: చాంగే-5 రాళ్ల వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు. లావా అంత ఆలస్యంగా కూడా పారిందని వాటితోనే తేలింది. చాంగే-6 తెచ్చిన బసాల్టుది (లావా గడ్డకట్టిన రాయి) సుమారు 280 కోట్ల ఏళ్లు. అవతలి వైపు నుంచి మనిషి చేతికందిన తొలి మట్టి అదే. నా ఓటు దీనికే.

అయితే మట్టి తేవడానికి భారత్ తలపెట్టిన చంద్రయాన్-4 లాంటి తొలి ప్రయత్నానికి ఇటువైపే మేలు. రిలే ఉపగ్రహం సిద్ధంగా ఉండి, దింపడంలో చేయి తిరిగి, చంద్రుడి రెండు ముఖాలు ఎందుకంత వేరుగా ఉన్నాయో తేల్చాలనుకుంటే అటువైపు వెళ్లాలి.