కెన్యాలో నాయకత్వ పాఠాలు: నైరోబీ మంచిదా, కిసుము మంచిదా?

కెన్యా యువతకు నాయకత్వ పాఠాలు చెప్పే వాలంటీరు మెంటర్‌గా నేను నైరోబీలో ఒక సంస్థతోను, కిసుము అనే ఊళ్ళో ఒక చిన్న సంఘంతోను పనిచేశాను; అలా వెళ్ళాలనుకునేవారికి ఏది మేలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. హైదరాబాదు నుంచి నైరోబీకి గల్ఫ్ నగరాల మీదుగా ప్రయాణం సాఫీగానే సాగుతుంది. బయలుదేరే ముందు చక్కబెట్టుకోవలసిన పనులే ఎక్కువ. కెన్యా నుంచి తిరిగి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపలేకపోతే ఇక్కడ దిగగానే క్వారంటైన్‌కు వెళ్ళవలసి రావచ్చు కనుక, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి గుర్తింపు పొందిన కేంద్రంలో కనీసం 10 రోజుల ముందే టీకా వేయించుకోవాలి. 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి వచ్చింది గాని, అది సందర్శకులకు ఉద్దేశించినది. జీతం లేని సేవకు కావలసిన అనుమతి ఏమిటో ఆహ్వానించే సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. "టూరిస్టునని చెప్పేయండి, చాలు" అనే సంస్థ జోలికి పోకపోవడమే క్షేమం.

సేవ చేయడానికి ఎదురు డబ్బు కట్టడమేమిటని సికింద్రాబాదులోని మా బంధువులు నవ్వారు. బస, భోజనం, స్థానిక సమన్వయకర్త జీతం ఎవరో ఒకరు భరించాలి కాబట్టి రుసుము మీద నాకు అభ్యంతరం లేదు. ఆ సొమ్ములో మేము పాఠాలు చెప్పే యువజన కేంద్రానికి ఎంత చేరుతుందని అడిగితే నైరోబీ సంస్థవారు రంగుల కరపత్రం చేతిలో పెట్టారు. కిసుములోని చిన్న సంఘం మాత్రం ఖర్చుల పట్టీని అడగకుండానే పంపింది.

నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న నగరం కనుక జూలైలో మనకు స్వెట్టరు తప్పదు. హాస్టల్‌లో వేడినీళ్ళు, వైఫై బాగున్నాయి, పార్క్‌లాండ్స్ వైపు వెళితే గుజరాతీ శాకాహార భోజనం దొరుకుతుంది. కాని అక్కడ రాత్రిపూట మాట్లాడుకునేది సాటి విదేశీ వాలంటీర్లతోనే. మతాతు అని పిలిచే మినీబస్సులలో కేంద్రానికి చేరేసరికే సగం ఉత్సాహం హరించుకుపోతుంది. శిక్షణకు వచ్చే యువకులు కూడా ఉద్యోగాల వేటలో వారం వారం మారిపోయేవారు.

విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుముకు నైరోబీ నుంచి విమానంలో గంట కూడా పట్టదు. మిలిమానీ ప్రాంతంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇంట్లో బస ఇచ్చారు. అప్పుడప్పుడు కరెంటు పోయేది, బకెట్ స్నానమే గతి. అయినా ఆమెతో మాట్లాడుతూ ఆ ఊరి గురించి తెలుసుకున్నదే నాకు అసలైన శిక్షణ అయింది. కెన్యా 2010 రాజ్యాంగం ప్రకారం 18 నిండి 35 నిండనివారంతా యువతే. కాబట్టి మా తరగతిలో కాలేజీ పిల్లల పక్కనే చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లులు కూడా కూర్చునేవారు. మనం తీసుకెళ్ళిన 'లక్ష్యనిర్దేశం' పాఠాలు వారికి ఎక్కువసేపు పనికిరావు.

పనికివచ్చింది వారి చామా. సభ్యులందరూ నెలనెలా కొంత వేసి వంతులవారీగా ఒకరికి ఇచ్చే ఈ పొదుపు సంఘాలు కెన్యా అంతటా ఉన్నాయి, మన చిట్టీల సంగతి తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. ఒక శనివారం వారి సమావేశంలో కోశాధికారిణి గళ్ళ నోటుపుస్తకం తెరిచి, బాకీ పడిన యువకుడి పేరు చదివింది. అతడు సంఘంలో అందరికంటే బాగా మాట్లాడేవాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఆమె గొంతు పెంచలేదు, పుస్తకం మూయనూ లేదు. అతడు ఫోన్ తీసి ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపు సేవలో డబ్బు పంపేదాకా తరువాతి పేరు చదవలేదు. ఆ తరువాతి తరగతులన్నీ ఆ నోటుపుస్తకం చుట్టూనే నడిపాము: బాకీని ఎలా అడగాలి, అధ్యక్షుడిని ఎప్పుడు మార్చాలి, అనే విషయాల మీద. స్థానికంగా ఒక సహ మెంటర్‌ను మొదటి రోజునుంచే పక్కన కూర్చోబెట్టుకోమన్నది ఆ చిన్న సంఘం పెట్టిన షరతు. మనం వెళ్ళిపోయాక తరగతి ఆగకుండా ఉండేది దానివల్లనే. నైరోబీ సంస్థకు ఆ ఆలోచనే లేదు.

సౌకర్యాల విషయానికి వస్తే, పాస్‌పోర్టుతో స్థానిక సిమ్ తీసుకుని ఎం-పెసా తెరిపించుకుంటే టుక్‌టుక్ నుంచి కూరగాయల దాకా దానితోనే గడుస్తుంది. మొక్కజొన్న ఉగాలి, సుకుమా వికీ ఆకుకూర శాకాహారులను ఆదుకుంటాయి. సరస్సు ప్రాంతంలో మలేరియా ఎక్కువ కనుక దోమతెర ఉన్న గదినే అడగాలి, వైద్యుని సలహాతో నివారణ మాత్రలు వేసుకోవాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆగస్టులో బడులకు సెలవులు ఉంటాయి కాబట్టి, తరగతి గదులు ఖాళీగా దొరికే ఆ నెలలో వెళ్ళడం మేలు.