ఎనుమాముల యార్డులో ఒక అడ్తి దుకాణం: కాంటా దగ్గర కనిపించిన మారుమనస్సు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మా కుటుంబం ఏళ్లుగా మిర్చి అమ్ముతున్న ఒక అడ్తి దుకాణం (రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) గురించి ఇది రాస్తున్నాను. దాని యజమాని క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్న సంగతి యార్డులో అందరికీ తెలుసు. గద్దె వెనుక గోడకు వాక్యం రాసిన క్యాలెండర్ కూడా ఉంది. అయితే రైతు బస్తాలు దించేది కాంటాను నమ్మి కనుక, నేనూ కాంటా, లెక్కల సంగతే చెబుతాను.

మునుపు అక్కడ కాయలో తేమ ఉన్నా లేకపోయినా క్వింటాలుకు రెండు కిలోల తరుగు (తూకంలో కోత) తీసేవారు. క్వింటాలు ధర 10,000 రూపాయలు ఉంటే, ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతు 4,000 రూపాయలు ఊరికే వదులుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ కోత లేదు. కాంటా అంకెలు రైతుకు కనబడేలా తిప్పి పెట్టారు. "కాకా, సున్న జూడు, నువ్వు సరే అన్నంకనే బస్తా పెట్టిస్త" అని తూకం వేసే దడవాయే ముందుగా పిలుస్తాడు. శాంపిల్ కోసం తీసిన కాయలు పక్కన కుప్పగా చేరకుండా తిరిగి అదే బస్తాలో పడుతున్నాయి. తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలో, తూకం, ధర, హమాలీ ఖర్చు విడివిడిగా రాసి, ఆ సాయంత్రమే డబ్బు చేతిలో పెడుతున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించింది పాత బాకీల విషయం. గడచిన సీజన్లలో అన్యాయంగా తీసిన తరుగును యజమాని లెక్కగట్టి, దానికి ఐదో వంతు కలిపి రైతులకు తిరిగి ఇస్తున్నారు. బైబిల్లోని లేవీయకాండము 6వ అధ్యాయంలో, పొరుగువాణ్ని మోసగించి తీసుకున్నది మొత్తం తిరిగి ఇచ్చి, దానికి ఐదో వంతు కలపాలని ఉంది. ఆ ప్రకారం పై రైతుకు 4,800 రూపాయలు ముడతాయి. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు బాప్తిస్మం కోసం వచ్చిన సుంకరులు (పన్ను వసూలు చేసేవారు) తామేమి చేయాలని అడిగినప్పుడు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దని ఆయన చెప్పినట్టు లూకా సువార్త 3వ అధ్యాయంలో చదువుతాం. ఆ మాట అడ్తి గద్దె మీద కూర్చున్నవారికి అక్షరాలా వర్తిస్తుంది, ఈయన దాన్ని అలాగే తీసుకున్నారు.

ఇందులో ఒక లోపం ఉంది. పాత తక్‌పట్టీ తెచ్చినవారికే డబ్బు ఇస్తున్నారు. పంట అమ్మిన చీటీని ఏళ్లపాటు దాచుకునే కౌలు రైతులు ఎంతమంది ఉంటారు? తరుగు లెక్క దుకాణం ఖాతా పుస్తకంలోనే ఉన్నప్పుడు, చీటీ పోగొట్టుకున్నవారి పేర్లు అందులో చూసి కబురు పంపడం యజమాని బాధ్యత. లూకా సువార్తలోనే కనిపించే సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నప్పుడు ఎవరి దగ్గరా రసీదు అడగలేదు.

అప్పుల సంగతికి వస్తే, పెట్టుబడికి డబ్బు తీసుకున్న రైతు పంటను అక్కడే అమ్మాలన్న కట్టుబాటును ఆయన ఎత్తేశారు. ములుగు, నర్సంపేట వైపు నుంచి వచ్చే చిన్న రైతులకు దీనివల్ల కలిగిన మేలు ఇంతా అంతా కాదు. వడ్డీని కూడా నెలకు నూటికి రెండు రూపాయల నుంచి ఒక రూపాయికి తగ్గించారు. అయినా నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో, బీదలైన సహోదరుల దగ్గర వడ్డీగా తీసుకున్న నూరో వంతును తిరిగి ఇచ్చేయమని యూదా దేశపు అధికారి నెహెమ్యా పెద్దలను అడిగాడు. ఆ నూరో వంతు మన లెక్కలో నూటికి రూపాయే. ఈ మాట యజమానితోనే అన్నాను. విత్తనాల అప్పు మీద వచ్చే సీజన్ నుంచి వడ్డీ తీసుకోనని చెప్పారు, పెట్టుబడి అప్పు గురించి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నానన్నారు. మిర్చి అమ్మడానికి మా ఊరివారిని నేను ఈ దుకాణానికే పంపుతున్నాను. ఇంట్లో పాత తక్‌పట్టీలు ఉంటే వెంట తీసుకెళ్లమనీ, లేనివారు ఖాతా పుస్తకం తీసి చూడమని అడగాలనీ చెబుతున్నాను.