దోమల బ్యాండు, ‘సహజ’ నూనె కొనేవాళ్లు కాస్త ఆగండి

‘కెమికల్స్ లేవు, పిల్లలకు సురక్షితం, 12 గంటల రక్షణ.’ డబ్బా మీద ఈ మూడు మాటలు చూసి ఆన్‌లైన్‌లో దోమల సెట్టు ఒకటి తెప్పించాను. చేతికి కట్టుకునే బ్యాండులు, ఒంటికి రాసుకునే చిన్న నూనె సీసా. మీరూ అలాంటిదే కార్టులో వేసుకుని ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మొదటి సాయంత్రమే సంగతి తెలిసిపోయింది. బ్యాండు మణికట్టుకు ఉంది, దోమలు మాత్రం కాళ్లు, మోచేతులు చూసుకుని తీరిగ్గా కుట్టాయి. నాకొచ్చిన ప్యాకెట్టే పాడైందేమో అనుకున్నా. కాదు. 2002లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరీక్షలో, మందు పట్టించిన ఇలాంటి బ్యాండులు కట్టుకున్నవాళ్లు దోమలున్న బోనులో చెయ్యి పెడితే దోమలు నిమిషం లోపే కుట్టాయట. అదే పరీక్షలో సిట్రొనెల్లా (నిమ్మగడ్డి జాతి మొక్క) నూనె రకాలు 20 నిమిషాల లోపే చేతులెత్తేశాయి. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని దోమ వస్తుంది. మణికట్టు దగ్గరి వాసన పాదాన్ని ఎలా కాపాడుతుంది? పైగా ఈ నూనెలు గాలికి త్వరగా ఆవిరైపోతాయి. ఇక 12 గంటల మాట ఎక్కడిదో అమ్మినవాళ్లకే తెలియాలి.

బ్యాండుతో పోయింది డబ్బే. నూనెతో ఇంకా పెద్ద తలనొప్పి వచ్చింది. సహజమే కదా అని పాప చేతులకు నేరుగా రాశాను, తప్పు నాదే. అరగంటకల్లా చర్మం ఎర్రబడి దద్దుర్లు లేచాయి, ఆ రాత్రంతా టెన్షనే. మరుసటి రోజు డాక్టరు చూసి, మొక్కల నూనె గాఢంగా ఉంటే చర్మాన్ని మండిస్తుందని, పిల్లల చర్మం అసలు ఓర్చుకోదని చెప్పారు. సీసా తిప్పి చూస్తే ‘మూలికా తైలాల మిశ్రమం’ అని మాత్రమే ఉంది. ఏ నూనె ఎంత శాతమో లేదు. ఏ వయసు పిల్లలకు రాయకూడదో లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, సీలు తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. పైగా ‘సహజమైనది కదా మేడం, అందరి ఒంటికీ ఒకేలా పడదు’ అని సమాధానం!

అలాగని మొక్కల నుంచి వచ్చేదంతా మోసం అనడం లేదు. ‘ఆయిల్ ఆఫ్ లెమన్ యూకలిప్టస్’ అనేదాన్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా సిఫారసు చేస్తుంది. అందులో పనిచేసే పదార్థం పేరు పీఎండీ. తిరకాసు ఎక్కడంటే, ఇంచుమించు అదే పేరుతో ‘లెమన్ యూకలిప్టస్ ఎసెన్షియల్ ఆయిల్’ అని ఇంకోటి అమ్ముతారు. సువాసనకు వాడే ఆ నూనె వేరు, పరీక్షలకు నిలిచింది వేరు. లేబుల్ మీద పీఎండీ అని, దాని శాతం ఎంతో కనబడకపోతే నేనైతే కొనను. అసలైనదైనా 3 ఏళ్ల లోపు పిల్లలకు రాయకూడదు. ఏదైనా ముందు మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూసుకోండి. నేను చేయనిది అదే.

ప్లగ్‌లో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరం గురించి కూడా ఇద్దరు అడిగారు. వద్దు. ఆ శబ్దానికి దోమలు కుట్టడం తగ్గదని పరీక్షల్లో ఎప్పుడో తేలింది. కుండీలో పెంచే ‘దోమల మొక్క’ కూడా అంతే, ఆకు నలిపితే తప్ప దానిలోని నూనె పెద్దగా బయటికి రాదు.

ఇప్పుడు మా ఇంట్లో పాప మంచానికి దోమతెర, కూర్చునే చోట ఫ్యాను. దోమ బలంగా ఎగరలేదు, గాలి కాస్త గట్టిగా వీస్తే తడబడుతుంది. వారానికోసారి కుండీల కింది పళ్లేలు, బకెట్లు ఒంపేసి బ్రష్‌తో రుద్దుతున్నాం. ఒంపితే చాలదు, డెంగీ దోమ గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి.

ఫొటోలతో రాసిన నా రివ్యూను రెండు రోజుల్లో తీసేశారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మిగిలిన బ్యాండులతో ఛార్జర్ వైర్లు చుట్టి పెట్టుకున్నాను. దానికి మాత్రం బాగానే పనికొస్తున్నాయి.